లైను ఆపే తాడు

(జపాన్‌లోని నగోయాలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక ప్రశ్న, చేతులెత్తి చెప్పండి. ఈ ఐచి ప్రిఫెక్చర్‌లో ఉంటూ టొయోటా కార్ల ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు ఎంతమంది? ఆ వెనక వరుసలో ఇద్దరు, ఇటు ఒకరు. అంతేనా? సరే. ఇప్పుడు ఇంకో ప్రశ్న. టొయోటాలోనో, దానికి విడిభాగాలు చేసిచ్చే కంపెనీల్లోనో, వాళ్ళకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీల్లోనో పనిచేసేవాళ్ళు ఎంతమంది? ఇంట్లో ఒకరు పనిచేస్తున్నా చెయ్యెత్తవచ్చు. చూడండి, దాదాపు సగం హాలు చేతులెత్తింది.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మనం ఏం చూపిస్తాం? క్యోటో తీసుకెళ్తాం, ఫుజి పర్వతం చూపిస్తాం, నగోయా కోట ముందు ఫొటో దిగుతాం. మంచిదే, చూడవలసినవే. కానీ మనలో ఇంతమందికి కూడు పెడుతున్న చోటు ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. అక్కడికి మాత్రం ఎవరమూ వెళ్ళం. ఎందుకు? ఫ్యాక్టరీ అంటే చూసేదేముంది, ఇనుము, చప్పుడు, రోబోలు, అంతేగా అనుకుంటాం. అది నిజం కాదని చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

నేను కార్ల రంగం మనిషిని కాను. మాది చేనేత కుటుంబం. మా తాతగారు మగ్గం మీద బతికారు, నాన్నగారు కూడా కొంతకాలం నేశారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, టొయోటా ఫ్యాక్టరీలో నన్ను కట్టిపడేసినది కారు కాదండీ. అక్కడ పనిచేసే ప్రతి మనిషి తల మీదుగా వేలాడే ఒక తాడు. ఆ తాడు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్తే, చివరికి ఒక మగ్గం దగ్గర తేలాను.

అందుకని ముందు మగ్గం దగ్గరికే వెళదాం. నగోయా స్టేషన్ నుంచి మెయితెత్సు రైల్లో ఒక్క స్టేషన్ వెళ్తే సాకో వస్తుంది. అక్కడ ఎర్ర ఇటుకల పాత భవనాలున్నాయి. ఒకప్పుడు టొయోటాకి మూలపురుషుడైన సకిచి టొయోడా మగ్గాలు పరీక్షించుకున్న మిల్లు ఉన్న స్థలం అది. 1994లో దాన్ని మ్యూజియం చేశారు. బట్టల విభాగం ఒకటి, కార్ల విభాగం ఒకటి. పిల్లలు పరుగెత్తుకుంటూ కార్ల వైపు పోతారు. పోనివ్వండి. మీరు మాత్రం బట్టల వైపు ఆగండి. అక్కడున్నవి అద్దాల పెట్టెల్లో పెట్టిన యంత్రాలు కావు. వాటిని నడిపి చూపిస్తారు. దూదిని వేళ్ళతో లాగి పోగు తీయడం దగ్గర నుంచి పెద్ద పెద్ద మిల్లు మగ్గాల దాకా, వరసగా నడిపి చూపిస్తారు.

సకిచి 1867లో పుట్టాడు. పల్లెటూరి వడ్రంగి కొడుకు. చుట్టుపక్కల ఇళ్ళలో ఆడవాళ్ళు రోజంతా మగ్గం మీద నడుము వంచి కూర్చోవడం చూస్తూ పెరిగాడు. పెద్ద చదువు లేదు. వడ్రంగం తెలుసు, మగ్గం తెలుసు. 1890లో చెక్క మగ్గాన్ని మెరుగుచేశాడు, మరుసటి ఏడాది దానికి పేటెంట్ తీసుకున్నాడు. అక్కడి నుంచి మూడు దశాబ్దాలకు పైగా అదే పని. 1924లో వచ్చిన జి రకం ఆటోమేటిక్ మగ్గం ఆ కృషికి శిఖరం. దాని ప్రత్యేకత ఏమిటంటే, మగ్గం నడుస్తుండగానే నూలు అయిపోయిన నాడె, అంటే అడ్డపోగుని అటూ ఇటూ తీసుకెళ్ళేది, పోయి కొత్త నాడె వచ్చేస్తుంది. ఎక్కడా ఆగదు.

ఆగదు అన్నాను కదా. ఇంకో ప్రత్యేకత ఉంది. అది ఆగుతుంది!

చేనేత తెలిసినవాళ్ళు ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. చేతి మగ్గం మీద నేసే మనిషికి పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒకటి తెగితే తెలిసిపోతుంది. కంటికి కనిపించకముందే కాళ్ళకి, చేతులకి తేడా తెలుస్తుంది. ఆపుతాడు, పోగు అతుకుతాడు, మళ్ళీ మొదలుపెడతాడు. మరి కరెంటుతో నడిచే మగ్గానికి? దానికేం తెలుసు? పోగు తెగినా నేసుకుంటూ పోతుంది. గజాల కొద్దీ చెడిపోయిన బట్ట నేసి పడేస్తుంది. అందుకే ఒక్కో మగ్గం పక్కన ఒక్కో మనిషి నిలబడి, పోగు ఎప్పుడు తెగుతుందా అని కళ్ళు పొడుచుకుని చూడాలి. ఆలోచించండి, ఆ మనిషి చేసేది పనేనా? యంత్రానికి కాపలా.

సకిచి ఏం చేశాడంటే, పడుగులో ఒక్కో పోగుకి ఒక సన్నటి లోహపు రేకు తగిలించాడు. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు పైనే ఉంటుంది. పోగు తెగితే రేకు కింద పడుతుంది. పడగానే మగ్గం ఆగిపోతుంది. అంతే. ఇందులో విద్యుత్తు మాయ ఏమీ లేదు, కంప్యూటర్ లేదు. మ్యూజియంలో దీన్ని నడిపి చూపించేటప్పుడు అక్కడి సిబ్బంది కావాలని ఒక పోగు తెంపుతారు. టక్కుమని మగ్గం ఆగుతుంది. నేను ఆ ఒక్క చోట చాలాసేపు నిలబడిపోయాను. వాళ్ళని మళ్ళీ అడిగి తెంపించుకుని చూశాను.

దీనివల్ల ఏమైంది? మనిషి కాపలా నుంచి బయటపడ్డాడు. ఒక్క మనిషి పదుల కొద్దీ మగ్గాలు చూసుకోగలిగాడు. ఎందుకంటే బాగా నడుస్తున్న మగ్గం దగ్గరికి ఎవరూ వెళ్ళనక్కర్లేదు. ఆగిన మగ్గం దగ్గరికి వెళ్తే చాలు. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్, అంటే అప్పట్లో మగ్గాల తయారీలో ప్రపంచంలోనే పెద్ద పేరున్న కంపెనీ, ఈ మగ్గం పేటెంటు హక్కుల కోసం లక్ష పౌన్లకు ఒప్పందం చేసుకుంది. నేర్పినవాళ్ళే నేర్చుకోవడానికి వచ్చారన్నమాట.

మరుసటి ఏడాది, 1930లో సకిచి చనిపోయాడు. కొడుకు కీచిరో 1933లో మగ్గాల కంపెనీలోనే ఒక మూల కార్ల విభాగం పెట్టాడు. 1936లో మొదటి ప్యాసింజర్ కారు, 1937లో విడిగా టొయోటా మోటార్ కంపెనీ. 1938లో కొరోమో అనే ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీ. ఆ కొరోమో ఏ ఊరో తెలుసా? పట్టుపురుగుల ఊరు. పట్టుగూళ్ళ వ్యాపారంతో కళకళలాడి, పట్టు ధర పడిపోయాక దెబ్బతిన్న ఊరు. 1959లో ఆ ఊరు తన పేరు మార్చుకుని టొయోటా నగరం అయింది. ఒక కంపెనీ పేరు ఊరు పెట్టుకుంది! ఆ మరుసటి ఏడాదే అమెరికాలోని డెట్రాయిట్‌తో సోదర నగరం ఒప్పందం కూడా చేసుకుంది.

ఇక ఫ్యాక్టరీలోకి వెళదాం. టొయోటా ప్రధాన కార్యాలయం పక్కన కైకాన్ అని వాళ్ళ ప్రదర్శనశాల ఉంది. టూరు అక్కడ మొదలవుతుంది. బస్సు ఎక్కించి ఏదో ఒక ఫ్యాక్టరీకి తీసుకెళ్తారు. మోతోమాచి కావచ్చు, తకాఓకా కావచ్చు, త్సుత్సుమి కావచ్చు. నేను చూసింది త్సుత్సుమి. 1970లో మొదలైన ఫ్యాక్టరీ, ప్రియస్ కార్లు తయారయ్యేది అక్కడే. లోపల ఫొటోలు తీయకూడదు. ఫోన్ బ్యాగులో పెట్టేయాలి. ఇది మనకి మేలే చేస్తుందండీ. ఫోన్ లేకపోతే కళ్ళు పనిచేస్తాయి.

నేల మీద నడవనివ్వరు. పైన వంతెనలా కట్టిన నడవా మీద నుంచి కిందకి చూస్తూ పోవాలి. మొదట వెల్డింగ్. రేకులు వచ్చి కారు ఆకారంగా మారేది ఇక్కడ. ఒక్కో బాడీకి వేల చోట్ల అతుకు పడుతుంది, దాదాపు అన్నీ రోబోలే వేస్తాయి. నిప్పురవ్వలు లేస్తాయి, రోబో చేతులు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతాయి. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. పెద్దవాళ్ళు కూడా. నేను దీని గురించి ఎక్కువ చెప్పను. వీడియోల్లో ఇది బోలెడు దొరుకుతుంది. పెయింటింగ్ మాత్రం చూపించరు, దుమ్ము పడకూడదు కాబట్టి.

అసెంబ్లీ దగ్గరికి వచ్చేసరికి దృశ్యం మారిపోతుంది. ఇక్కడ మనుషులు. వందల మంది మనుషులు. రోబోల కాలంలో కారుని మనుషులే బిగిస్తున్నారా అని మనకి ఆశ్చర్యం. సీట్లు, వైర్లు, డాష్‌బోర్డు, అద్దాల రబ్బర్లు, కార్పెట్లు... వంగే వస్తువులు, మెత్తటి వస్తువులు రోబో చేతికి లొంగవు. మనిషి వేళ్ళే కావాలి. ఒక కారులో చిన్నా పెద్దా కలిపి సుమారు 30,000 భాగాలుంటాయని లెక్క వేస్తారు.

ఇక్కడ కొన్ని గమనించండి. పెయింటు అయి వచ్చిన కారుకి తలుపులు విప్పేస్తారు. తలుపులు వేరే దారిన పోయి వాటి పని అవి చేయించుకుని, చివర్లో మళ్ళీ తమ కారునే కలుసుకుంటాయి. ఎందుకు విప్పుతారు? లోపలికి వెళ్ళి పనిచేసే మనిషికి అడ్డం ఉండకూడదని. తలుపుకి గీతలు పడకూడదని కూడా. కొన్ని చోట్ల కడ్డీ చివర బిగించిన కుర్చీ ఉంటుంది. మనిషి దాని మీద కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కారు లోపలికి జరిగి, పని చేసి, బయటికి వస్తాడు. పదే పదే నడుము వంచి దూరే బాధ లేదు. సకిచి చిన్నప్పుడు చూసిన ఆడవాళ్ళ నడుము నొప్పి నాకు అక్కడ గుర్తొచ్చింది.

ఇంకో విషయం. లైను మీద వరసగా ఒకే మోడల్ రాదు. ఈ కారు ఒకటి, దాని వెనక కారు ఇంకోటి, రంగు వేరు, స్టీరింగ్ ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. ప్రతి కారు ముందు భాగాన ఒక కాగితం ఉంటుంది, ఈ కారుకి ఏ భాగం వేయాలో అందులో ఉంటుంది. ఆ కారుకి కావలసిన భాగాలు ముందే ఏరి పెట్టిన చిన్న బండి దాని పక్కనే నడుస్తూ వస్తుంది. పనివాడు తల తిప్పి వెతకనక్కర్లేదు.

లైను ఎంత వేగంగా నడుస్తుంది? దీనికి లెక్క ఉంది, చాలా తేలిక లెక్క. ఒక షిఫ్టులో పని సమయం 450 నిమిషాలు అనుకుందాం. కొనేవాళ్ళు ఉన్న కార్లు 450 అనుకుందాం. అంటే నిమిషానికి ఒక కారు. ఈ లెక్కని వాళ్ళు టాక్ట్ టైమ్ అంటారు. మిషన్ ఎంత వేగంగా చేయగలదు అన్నది లెక్క కాదు, ఎన్ని అమ్ముడుపోతాయి అన్నది లెక్క. నేను చూసిన రోజు కూడా దాదాపు నిమిషానికి ఒకటి బయటికి వస్తోంది. అంటే ప్రతి మనిషికీ తన పని చేయడానికి సుమారు ఒక నిమిషం. మళ్ళీ ఇంకో కారు. మళ్ళీ ఒక నిమిషం.

ఇప్పుడు తాడు దగ్గరికి వచ్చాం. లైను పొడవునా, చేతికి అందే ఎత్తులో ఒక తాడు ఉంటుంది. పైన బోర్డు ఉంటుంది, ఆన్‌డాన్ అంటారు, అంకెలతో వెలిగే బోర్డు. ఒక పనివాడికి బోల్టు సరిగా కూర్చోలేదు అనుకోండి. లేదా ఇచ్చిన భాగం మీద గీత ఉంది. లేదా ఆ నిమిషంలో పని పూర్తికాలేదు. ఏం చేస్తాడు? తాడు లాగుతాడు. వెంటనే సంగీతం మోగుతుంది, బోర్డు మీద అతని చోటు నంబరు పసుపు రంగులో వెలుగుతుంది. టీమ్ లీడర్ పరుగున వస్తాడు. ఇద్దరూ కలిసి చూస్తారు. కారు తన గడి, అంటే లైను మీద ఆ పనికి కేటాయించిన చోటు, దాటేలోపు సరిచేస్తే మళ్ళీ తాడు లాగుతారు, సంగీతం ఆగుతుంది, లైను తన దారిన పోతుంది. సరిచేయలేకపోతే గడి చివర లైను ఆగుతుంది. బోర్డు ఎర్రగా మారుతుంది.

ఇంత పెద్ద ఫ్యాక్టరీలో లైను ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది? మేనేజర్ చేతిలోనా? డైరెక్టర్ చేతిలోనా? నిన్న పనిలో చేరిన కుర్రవాడి చేతిలో ఉంది. వాడు ఎవర్నీ అడగనక్కర్లేదు. అడగనక్కర్లేదు అన్నది ఒక్కటే కాదండీ, అనుమానం వస్తే లాగి తీరాలి. లాగకుండా పోనిస్తేనే తప్పు. మేం నడవా మీద ఉన్నంతసేపూ ఆ సంగీతం మోగుతూనే ఉంది. ఒకచోట ఆగుతుంది, ఇంకోచోట మొదలవుతుంది. మాతో వచ్చినవాళ్ళు కొందరు, ఇంత పేరున్న ఫ్యాక్టరీలో ఇన్ని తప్పులా అనుకున్నారు. నాకు మాత్రం మా నాన్నగారి మగ్గం కనిపించింది. పోగు తెగింది, ఆగాడు, అతికాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. తేడా ఏమిటంటే ఇక్కడ పోగు తెగితే పరుగున వచ్చే ఇంకో మనిషి ఉన్నాడు.

వచ్చిన టీమ్ లీడర్ ఏం అడుగుతాడు? ఎవరు చేశారు అని మొదలుపెడితే ఆ తాడు మళ్ళీ ఎవరూ లాగరు. ఎందుకు జరిగింది అని అడగాలి. ఒక్కసారి అడిగితే చాలదు అన్నాడు తైచి ఓనో. ఈ పద్ధతిని నిలబెట్టిన ఇంజనీరు ఆయన. 1912లో పుట్టాడు. ఆయన కూడా మొదట 1932లో టొయోడా నూలుమిల్లులో చేరినవాడే. కార్ల కంపెనీకి 1943లో వచ్చాడు. ఆయన చెప్పే ఉదాహరణ ఇది. మిషన్ ఆగింది, ఎందుకు? భారం ఎక్కువై ఫ్యూజ్ పోయింది. భారం ఎందుకు ఎక్కువైంది? బేరింగుకి నూనె సరిగా అందలేదు. ఎందుకు అందలేదు? పంపు సరిగా లాగలేదు. ఎందుకు? పంపు ఇరుసు అరిగిపోయింది. ఎందుకు అరిగింది? జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. మొదటి ప్రశ్నతో ఆగినవాడు ఫ్యూజ్ మార్చి ఇంటికి పోతాడు. వారంలో మిషన్ మళ్ళీ ఆగుతుంది. అయిదో ప్రశ్న దాకా వెళ్ళినవాడు జల్లెడ పెడతాడు.

ఇది జపాన్ వాళ్ళ స్వభావంలోనే ఉంది, మనవాళ్ళ వల్ల కాదు అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. దీనికి అమెరికాలో మంచి రుజువు ఉంది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్ళో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఉండేది. పనివాళ్ళకీ యాజమాన్యానికీ పడక, నాణ్యత పడిపోయి, 1982లో మూతపడింది. 1984లో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి నుమ్మి అనే పేరుతో అదే ఫ్యాక్టరీ తెరిచాయి. పనివాళ్ళలో ఎక్కువమంది పాతవాళ్ళే, యూనియన్ అదే. కొంతమందిని ఇక్కడికి, ఈ ఐచికే తెచ్చి నేర్పారు. వాళ్ళ తల మీద కూడా తాడు కట్టారు. కొద్దికాలంలోనే అక్కడి కార్ల నాణ్యత జపాన్ కార్లకు దగ్గరగా వచ్చింది. అదే ఊరు, అదే మనుషులు. మారింది పద్ధతి.

కాన్‌బాన్ గురించి కూడా చెప్పాలి, ఐటీ వాళ్ళు ఎదురుచూస్తున్నట్టున్నారు. మీ ఆఫీసుల్లో బోర్డు మీద అంటించే కాగితాలు ఇక్కడి నుంచి వచ్చినవే. భాగాలు ముందే గుట్టలుగా చేసి పెట్టుకోవడం ఓనోకి ఇష్టం లేదు. అమెరికా సూపర్ మార్కెట్‌లో కొన్నవాడు తీసుకున్నంతే అరలో మళ్ళీ నింపుతారు కదా, ఆ పద్ధతి ఆయనకు నచ్చింది. మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ బంతి భోజనం. వడ్డించేవాడు విస్తరి చూస్తాడు. ఖాళీ అయితేనే వడ్డిస్తాడు. వడ్డన గిన్నె ఖాళీ అయితేనే వంటశాలకి వెళ్తాడు. అంటే పని అడిగేది విస్తరి, వంటవాడు కాదు. భాగాల పెట్టె ఖాళీ అవగానే దాని కార్డు, అదే కాన్‌బాన్, వెనక్కి పోతుంది. ఆ కార్డు వస్తేనే అక్కడివాళ్ళు తయారుచేస్తారు. దీనివల్ల డబ్బు గోదాములో ఇరుక్కోదు. అంతకంటే పెద్ద లాభం, చెడ్డ భాగం ఉంటే వెంటనే బయటపడుతుంది. గుట్ట కింద దాక్కోదు.

మరి ఒక భాగం అసలు రాకపోతే? మంచి ప్రశ్న, ఆ అమ్మాయి అడిగింది. 1997 ఫిబ్రవరి 1న ఇక్కడికి దగ్గర్లోనే కరియాలో ఐసిన్ ఫ్యాక్టరీ కాలిపోయింది. బ్రేకుల్లో వేసే చిన్న వాల్వు, టొయోటాకి దాదాపు మొత్తం అక్కడి నుంచే వచ్చేది. నిల్వ చాలా తక్కువ. రెండుమూడు రోజుల్లో జపాన్‌లో టొయోటా లైన్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. చిన్న వాల్వు! అప్పుడు ఏం జరిగిందో వినండి. చుట్టుపక్కల పదుల కొద్దీ కంపెనీలు డ్రాయింగులు తీసుకుని తమ దగ్గరున్న యంత్రాలతో ఆ వాల్వు చేయడం మొదలుపెట్టాయి. కుట్టు మిషన్లకి పేరుపడ్డ బ్రదర్ కంపెనీ కూడా చేసింది. సుమారు వారంలో కార్లు మళ్ళీ రావడం మొదలైంది. 2011 భూకంపం అప్పుడు మాత్రం ఇంత తేలిగ్గా తేరుకోలేదు, నెలలు పట్టింది. ఆ తర్వాత చిప్‌ల లాంటివి ముందే నిల్వ పెట్టుకోమని కంపెనీలకు చెప్పారు. 2023 ఆగస్టులో అయితే సర్వర్‌లో డిస్కు ఖాళీ లేక జపాన్‌లోని 14 ఫ్యాక్టరీలూ ఆగాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

నేను ఈ కంపెనీకి ప్రచారం చేయడానికి రాలేదు. అందుకని కష్టమైన సంగతులు కూడా చెబుతాను. 1950లో టొయోటా దివాలా అంచుకు వచ్చింది. మనుషుల్ని తీసేయం అన్న మాట నిలబడలేదు. పెద్ద సమ్మె జరిగింది, వెయ్యి మందికి పైగా పని పోగొట్టుకున్నారు. కీచిరో బాధ్యత తీసుకుని అధ్యక్ష పదవి వదిలేశాడు. రెండేళ్ళకే చనిపోయాడు. ఈ కథని వాళ్ళు దాచుకోరు, వాళ్ళే చెబుతారు. ఆ ఏడాదే ఆయన బంధువు ఎయిజి టొయోడా అమెరికా వెళ్ళి ఫోర్డ్ ఫ్యాక్టరీ చూసి వచ్చాడు. పనివాళ్ళ నుంచి సలహాలు తీసుకునే పద్ధతి అక్కడ చూసి 1951లో ఇక్కడ పెట్టాడు. అది ఇప్పటికీ నడుస్తోంది.

లైను మీద పని తేలిక అని కూడా నేను అనను. నిమిషానికి ఒకసారి అదే బోల్టు, అదే వంగడం, పగలు ఒక వారం, రాత్రి ఒక వారం. కొన్ని నెలల కాంట్రాక్టు మీద వచ్చి పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అమ్మకాలు తగ్గితే ముందు ఇంటికి పోయేది వాళ్ళే. టొయోటా నగరంలోనే హోమి అనే పెద్ద అపార్ట్‌మెంట్ల కాలనీ ఉంది. 1990లో వలస చట్టం మార్చాక బ్రెజిల్ నుంచి జపాన్ మూలాలున్న కుటుంబాలు వచ్చి అక్కడ స్థిరపడ్డాయి. ఇప్పుడు అక్కడ ఉండేవాళ్ళలో సుమారు సగం మంది విదేశీయులే. వాళ్ళలో ఎక్కువమంది పనిచేసేది విడిభాగాల ఫ్యాక్టరీల్లో. పరాయి దేశంలో పనిచేసుకుంటూ పిల్లల్ని చదివించుకుంటున్న మనుషులు. మనకీ వాళ్ళకీ తేడా ఏముంది? ఎప్పుడైనా అటు వెళ్ళినప్పుడు పలకరించండి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టిన సంగతి ఇంకోటి. 2023 డిసెంబరులో దైహత్సు విషయం మీరంతా టీవీలో చూసే ఉంటారు. దైహత్సు చిన్న కార్ల కంపెనీ, పూర్తిగా టొయోటాదే. కార్ల భద్రతా పరీక్షల్లో మోసాలు జరిగాయని బయటి నిపుణుల కమిటీ తేల్చింది. 64 మోడళ్ళు, 174 అక్రమాలు, అన్నిటికంటే పాతది 1989 నాటిది. మరుసటి నెలలోనే టొయోటా ఇండస్ట్రీస్ డీజిల్ ఇంజన్ల పరీక్షల్లో అక్రమాల సంగతి బయటపడింది. టొయోటా ఇండస్ట్రీస్ అంటే ఏమిటి? సకిచి మగ్గాల కోసం పెట్టిన కంపెనీ! పోగు తెగితే ఆగే మగ్గం చేసిన కంపెనీ!

ఎందుకు జరిగింది? దైహత్సు గురించి కమిటీ రాసిన కారణాల్లో ముఖ్యమైనది గడువు. కొత్త మోడల్ ఈ తేదీకి రావాలి అంటే రావాలి, పరీక్ష ఫెయిలైంది, ఇంకో రెండు వారాలు కావాలి అని చెప్పే దారి లేదు. నా మాటల్లో చెప్పాలంటే, లైను మీద నిన్న చేరిన కుర్రవాడి తల మీద తాడు ఉంది, పరీక్షల గదిలో కూర్చున్న ఇంజనీరు తల మీద తాడు లేదు. కింద అంత బాగా నడిచే పద్ధతి పై అంతస్తుకి ఎక్కలేదు. ఐటీలో ఉన్నవాళ్ళని అడుగుతున్నాను, మీ రిలీజ్ తేదీ ముందు రోజు బగ్ కనిపిస్తే మీ చేతికి అందే తాడు ఉందా? లాగితే పరుగున వచ్చేవాడు సాయానికి వస్తాడా, తిట్టడానికి వస్తాడా? నవ్వుతున్నారు, కానీ నేను నిజంగానే అడుగుతున్నాను. టీములు నడిపేవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. మీ కింద పనిచేసే పిల్లలకి ఆ తాడు కట్టగలిగింది మీరే.

చివరిగా ఎలా వెళ్ళాలో చెబుతాను, టైమ్ అయిపోతోంది. ముందు మ్యూజియం చూడండి, ఫ్యాక్టరీ తర్వాత. ఈ వరస మార్చకండి, మగ్గం చూడకపోతే తాడు అర్థం కాదు. ఒకే రోజు రెండూ పెట్టుకోకండి, పిల్లలు అలసిపోతారు. ఫ్యాక్టరీ టూరుకి డబ్బు తీసుకోరు కానీ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. పని రోజుల్లోనే ఉంటుంది కాబట్టి సెలవు పెట్టుకోవాలి. ఇంగ్లీషులో చెప్పే టూరు కావాలో జపనీస్ కావాలో బుక్ చేసేటప్పుడే చూసుకోండి. తేదీలు, పిల్లల వయసు నియమాలు మారుతుంటాయి, అవి కూడా అక్కడే చూసుకోండి. ఐచి లూప్ లైనులో మికావా-టొయోటా స్టేషన్‌లో దిగితే కైకాన్‌కి నడిచి వెళ్ళవచ్చు. లోపల ఎత్తు మెట్లు, నడవాలు ఉంటాయి, పెద్దవాళ్ళని తీసుకెళ్తే ముందే అడగండి.

అక్కడ నడిచేటప్పుడు పనివాళ్ళ నడక కూడా చూడండి. దారులు కలిసే చోట ఆగి, కుడివైపు వేలు చూపించి, ఎడమవైపు చూపించి, ముందుకు చూపించి అప్పుడు దాటుతారు. ఎవరూ జేబుల్లో చేతులు పెట్టుకుని నడవరు. మన పిల్లలకి ఇది చాలా నచ్చుతుంది, ఇంటికొచ్చాక కొన్ని రోజులు అలాగే చేస్తారు.

గైడుని అడగడానికి ఒక ప్రశ్న కూడా ఇస్తాను. ఈ లైను రోజుకి ఎన్నిసార్లు ఆగుతుంది అని అడగకండి. మొన్న చివరిసారి ఎందుకు ఆగింది, దాని తర్వాత ఇక్కడ ఏం మార్చారు అని అడగండి. వచ్చే నెల కలిసి వెళ్దామనుకునే కుటుంబాలు టీ తాగేటప్పుడు నా దగ్గరికి వచ్చి పేర్లు ఇవ్వండి, అందరికీ ఒకే రోజు దొరికేలా బుక్ చేద్దాం. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. అందరికీ ధన్యవాదాలు.